బొంత కుట్టడానికి గుడ్డ: మీటరు 110 రూపాయలదా, 850 రూపాయలదా?

ఉప్పల్_కుట్టుమిషన్:

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి నవంబరులో డెలివరీ, వాళ్ళుండేది డాలస్‌లో, నేను అక్టోబరు చివర్లో వెళ్తున్నాను. పుట్టబోయే బిడ్డకి నా చేత్తో కుట్టిన బొంత ఒకటి పట్టుకెళ్ళాలని కోరిక. మిషన్ నాకు కొత్త కాదు, జాకెట్లు, లంగాలు, దిండు గలీబులు పాతికేళ్ళ నుంచి కుడుతున్నాను, కానీ చదరాలు కోసి, అతికి, లోపల దూది పొర పెట్టి కుట్టే ఈ క్విల్ట్ వ్యవహారం మాత్రం ఇదే మొదటిసారి.

వీడియోల్లో చూస్తే ప్రతి ఒక్కరూ "క్విల్టింగ్ కాటనే కొనాలి, వేరేది వాడితే పాడైపోతుంది" అంటున్నారు. ఆన్‌లైన్‌లో ఆ ఇంపోర్టెడ్ గుడ్డ మీటరు 850 చెబుతున్నారు. సికింద్రాబాద్ జనరల్ బజారులో అడిగితే ప్రింటు కేంబ్రిక్ (మామూలు పల్చటి నూలు గుడ్డ) మీటరు 110కే ఇస్తానన్నాడు, చేతికి బాగానే అనిపించింది. ఇంకొక చోట కట్ పీసులు కిలో 220. నా బడ్జెట్ దూదితో కలిపి 2500, అంతకు మించితే మా ఆయన ఏమీ అనరు కానీ నాకే మనసొప్పదు.

భయం ఎందుకంటే పోయిన సంక్రాంతికి తెలుపు, మెరూన్ ముక్కలతో టేబుల్ గుడ్డ కుట్టాను, చవగ్గా దొరికిందని ఒక చిన్న షాపులో కొన్నదే. మొదటి ఉతుకుకే నీళ్ళు మందార పువ్వు పిసికినట్టు అయ్యాయి, తెలుపు కాస్తా గులాబీ రంగుకి తిరిగింది. నాలుగు రోజుల పని. అది నాదే కాబట్టి సరిపోయింది, పసిబిడ్డ బొంతకి అలా జరిగితే?

ఖరీదైన గుడ్డలో నిజంగా ఏముందో, డబ్బు పెడితే ఎక్కడ పెట్టాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

తెనాలి_టైలరమ్మ:

అక్కా, ముందు లెక్క వేసుకోండి, అసలు ఎంత గుడ్డ కావాలో తెలియకుండా 850, 110 అని కొట్టుకుంటే టెన్షన్ తప్ప ఏం మిగలదు. పసిబిడ్డకి 36 అంగుళాలకి 45 అంగుళాలు చాలు. 5 అంగుళాల చదరాలు కోస్తే చుట్టూ పావు అంగుళం కుట్టులోకి పోయి నాలుగున్నర మిగులుతుంది, అడ్డంగా 8, నిలువుగా 10, మొత్తం 80 చదరాలు. 44 అంగుళాల పన్నాలో (గుడ్డ వెడల్పులో) అడ్డంగా 8 చదరాలు వస్తాయి. అయిదు రకాల ప్రింట్లు తీసుకుంటే ఒక్కో దాంట్లో 16 చదరాలు, అంటే రెండు వరసలు.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఒక్కోటీ పావు మీటరు కొంటారు. పావు మీటరంటే 9.8 అంగుళాలు, రెండు వరసలకి 10 కావాలి, ఆ కాస్త దగ్గరే రెండో వరస పోతుంది, తడిపితే ఇంకా తగ్గుతుంది. 30 సెంటీమీటర్లు అడగండి. షాపతను మొహం అదోలా పెడతాడు, పెట్టనివ్వండి. 30 చొప్పున అయిదు ప్రింట్లు అంటే మీటరున్నర. వెనక గుడ్డకి ఇంకో మీటరున్నర, చుట్టూ అంచు పట్టీకి 40 సెంటీమీటర్లు. మొత్తం 3.4 మీటర్లు. మీరు చెప్పిన ఇంపోర్టెడ్‌లో అది 2890 రూపాయలు, దూది కొనకముందే మీ బడ్జెట్ దాటింది. కేంబ్రిక్‌లో 374.

ఇక ఖరీదైన దాంట్లో ఏముంది అంటే, ఉంది, లేదనను. నా దగ్గరికి ఒక కస్టమర్ ఆ గుడ్డ తెచ్చి కుట్టించుకుంది, కత్తెర కింద తేడా తెలిసిపోతుంది. ఒత్తుగా నేస్తారు, బరువుంటుంది, చదరపు మీటరు సుమారు 140, 150 గ్రాములు తూగుతుంది, మన కేంబ్రిక్ 100 చుట్టూ ఉంటుంది. కోసిన చోట పోగులు ఊడిరావు. ప్రింటు పడుగు పేకలకి తిన్నగా ఉంటుంది, మన చవక ప్రింట్లలో పువ్వుల వరస గుడ్డ అంచుకి వంకరగా పోతుంది, చదరం కోస్తే పువ్వులు పక్కకి ఒరిగినట్టు కనిపిస్తాయి. చిన్న పూలున్న ప్రింటు తీసుకుంటే ఆ వంకర ఎవరికీ కనబడదు, గళ్ళు చారలు మాత్రం తీసుకోకండి.

అసలు విషయం గుడ్డ మంచిదా చెడ్డదా అన్నది కాదు, పక్కపక్కన కుట్టేవన్నీ ఒకే బరువు ఉండాలి. నేను మొదట్లో చేసిన తప్పే చెబుతా. టూ బై టూ జాకెట్టు ముక్కలు, మందంగా ఉండే కుర్తా ముక్కలు కలిపి కుట్టాను. ఆరు నెలలకి ప్రతి టూ బై టూ ముక్కా కుట్టు వెంబడి చిరిగింది, ముక్క మధ్యలో ఎక్కడా చిరగలేదు. మందపు గుడ్డ లాగుతుంటే పల్చటిది ఎంతకాలం ఆగుతుంది? అలాగే లైనింగ్ గుడ్డ ఒక్క ముక్క కూడా రానివ్వకండి, అందులో చాలాసార్లు పాలియెస్టర్ కలుస్తుంది, పక్కది ముడుచుకుంటుంది, ఇది ముడుచుకోదు, బుడగలు లేస్తాయి.

కిలో లెక్క కట్ పీసుల సంగతి. నేను ఒకసారి కిలో కొని విడదీసి తూచాను. జార్జెట్టు, క్రేపు, సిల్కు పేరుతో ఉన్న పాలియెస్టర్ పక్కన పెడితే సరైన కాటన్ 400 గ్రాములు తేలింది. అందులో సగం చంక గుండ్రాలు, మెడ గుండ్రాలు కోసేసిన ముక్కలు. చివరికి 90 చదరాలు వచ్చాయి. 220 రూపాయలకి 90 చదరాలంటే చవకే, కాదనను, కానీ ఏరడానికి ఒక పూట, ఇస్త్రీకి ఒక పూట, ఒక్కో ముక్క ఒక్కో మందం. మీకు మొదటిది కాబట్టి వద్దు. రెండోదానికి కొనండి.

ప్లేనో_వదిన:

ఆంటీ గారూ, నేను డాలస్ పక్కనే ఉంటాను, ఎనిమిదేళ్ళ నుంచి క్విల్టులు కుడుతున్నాను. గుడ్డ సంగతికి ముందు ఒక మాట చెప్పాలి, ఏమీ అనుకోవద్దు. ఇక్కడ పిల్లల డాక్టర్లు ఏడాది లోపు బిడ్డ పడుకునే తొట్టిలో దుప్పటి, దిండు, బొంత ఏదీ పెట్టొద్దంటారు, ఊపిరాడదేమోనని. మీ అమ్మాయికి హాస్పిటల్లోనే చెప్పి పంపిస్తారు. మీరు అంత కష్టపడి కుట్టింది తొట్టిలో వేయనివ్వట్లేదని మీరిద్దరూ మాటా మాటా అనుకోకూడదని ముందే చెబుతున్నా, మా అత్తగారికీ నాకూ సరిగ్గా ఇదే జరిగింది.

అయితే వృథా కాదు. నేల మీద పరిచి బిడ్డని బోర్లా వేసి ఆడించడానికి, పాకడానికి రోజూ అదే పనికొస్తుంది. అలా చూస్తే లెక్క మారుతుంది చూడండి, పైన గుడ్డ కన్నా వెనక గుడ్డకే దెబ్బ ఎక్కువ. కార్పెట్ మీద రుద్దుకుంటుంది, పాలు కక్కితే వారానికి మూడుసార్లు మిషన్లో పడుతుంది. నేనైతే వెనక గుడ్డకి ఎక్కువ పెట్టి పైది చవగ్గా కానిస్తాను, అందరూ దీనికి తిరగేసి చేస్తారు.

ఇంకోటి, మీ అమ్మాయి దాన్ని నీడలో ఆరేయదు. డ్రయ్యర్లో పడేస్తుంది, వేడిగాలికి కాటన్ ఇంకా ముడుచుకుంటుంది. అందుకని కొన్న గుడ్డ అంతా కోయకముందే వేడి నీళ్ళలో నానబెట్టి ఎర్రటెండలో ఆరేయండి, ఒకసారి కాదు రెండుసార్లు.

ఖరీదు విషయానికొస్తే ఇక్కడ షాపుల్లో మంచి క్విల్టింగ్ కాటన్ గజం 12 నుంచి 14 డాలర్లు. 2025లో జోయాన్ అనే గుడ్డల షాపులు దేశమంతా మూతపడ్డాక చేత్తో ముట్టుకుని చూసి కొనే చోట్లు తగ్గిపోయాయి, చాలామంది ఆన్‌లైనే. 5 అంగుళాల చదరాలు కోసి 42 చొప్పున కట్టి చార్మ్ ప్యాక్ అని అమ్ముతారు, రెండు కొంటే 84, మీకు కావలసింది 80. రంగులన్నీ ఒకదానికొకటి నప్పేలా వాళ్ళే ఎంచి పెడతారు, కొత్తవాళ్ళకి అది పెద్ద సుఖం. కానీ ఆ ముక్కల్ని ముందు ఉతకలేం, అంచులు ఊడి కొలత పోతుంది.

మీ రంగు భయం గురించి. గజం 14 డాలర్లు పెట్టి కొన్న ఎర్ర బాతిక్ నాకు మూడో ఉతుకులో పక్కనున్న తెల్ల చదరాలన్నిటి మీదా దిగింది. ఏ కంపెనీ అన్నది వదిలేయండి. ధర చూసి రంగు ఆగుతుందని నమ్మితే నాలాగే ఏడుస్తారు. ముదురు ఎరుపు, మెరూన్, నీలిమందు రంగు, ఈ మూడింటిని వెయ్యి రూపాయలదైనా పరీక్ష చేయకుండా తెలుపు పక్కన పెట్టకూడదు.

కరీంనగర్_మల్లన్న:

ఇదంతా చదువుతుంటే నవ్వొస్తుంది, ఏమనుకోకండమ్మా. మా నాయనమ్మ ఇంట్లో పదకొండు బొంతలు ఉండేవి, ఒక్కదానికీ కొత్త గుడ్డ కొనలేదు. పాత చీరెలు, తాత పంచెలు నాలుగైదు పొరలు పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, దబ్బనంతో అంచు నుంచి లోపలికి కుట్టుకుంటూ పోయేది. మా ఊరికి బొంతలు కుట్టే ఆడవాళ్ళు ఎండాకాలం వచ్చేవాళ్ళు, అరుగు మీద కూర్చుని రెండు రోజుల్లో ఒకటి కుట్టి ఇచ్చేవాళ్ళు, కూలి కొంత పైసలు, కొంత బియ్యం. మీటరు 850 అని వాళ్ళకి చెబితే ఏమంటారో.

పాత చీరె మెత్తదనం ఏ కొత్త గుడ్డకీ రాదు. వంద ఉతుకులు అయిన గుడ్డ, ఇంక ముడుచుకునేది లేదు, రంగు దిగేది ఉంటే ఎప్పుడో దిగింది. మీరు భయపడే రెండూ అందులో లేవు. పైసా ఖర్చు లేదు. బిడ్డకి అమ్మమ్మ చీరె ఒంటికి తగులుతుంది, అది డాలర్లకి దొరుకుతుందా?

ప్లేనో_వదిన:

అన్నా, మీరన్నది కాదనను. ఇక్కడ అమెరికాలోనే అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అని ఒక ఊరు ఉంది, అక్కడి నల్లజాతి ఆడవాళ్ళు పొలం పనికి వేసుకుని చిరిగిన ప్యాంట్లు, చొక్కాలు అతికి తరాల తరబడి బొంతలు కుట్టారు, చలికి, అంతే. 2002లో అవే హ్యూస్టన్ మ్యూజియంలో గోడలకి వేలాడాయి, 2006లో వాటితో అమెరికా తపాలా బిళ్ళలు వేసింది. ఆ బొంతల ఫోటోలు చూస్తే మోకాలి దగ్గర వెలిసిపోయిన నీలం కూడా ఒక రంగులా వాడుకున్నారు. కాబట్టి పాత గుడ్డని తక్కువ చేసి మాట్లాడేది నేను కాదు.

కానీ చీరె అంటే ఏ చీరె? మా అమ్మ చీరల్లో మూడొంతులు సింథటిక్. మీ నాయనమ్మ కాలం నేత చీరలు ఇప్పుడు ఎవరింట్లో ఉన్నాయి?

తెనాలి_టైలరమ్మ:

తమ్ముడూ, ఇంకో సంగతి మర్చిపోయారు. పాత చీర మెత్తగా ఉండేది సగం చీకిపోయింది కాబట్టి. మీ నాయనమ్మ బొంతలో నాలుగైదు పొరలు, దగ్గర దగ్గరగా చేతి కుట్టు, ఒక పొర చిరిగినా కింది పొర పట్టుకునేది, పైన ఇంకో చీర వేసి మళ్ళీ కుట్టేసేవాళ్ళు. ఈ అక్క కుట్టేది చదరాలు అతికిన ఒకే పొర. అతుకు దగ్గర పావు అంగుళం గుడ్డ మీదే బరువంతా. చీకిన గుడ్డ అక్కడ ఆగదు. చీర వాడాలంటే వెలుతురుకి పట్టుకుని చూసి, రెండు చేతులతో అడ్డంగా, నిలువుగా గట్టిగా లాగి చూడాలి, చిటుకుమని శబ్దం వస్తే దాన్ని లోపలి పొరకి వాడుకోవాలి, పైకి కాదు. కూర్చున్నప్పుడు లాక్కునే భాగం ముందు చీకుతుంది, కుచ్చిళ్ళ లోపలి భాగం గట్టిగా ఉంటుంది, అక్కడ కోసుకోవచ్చు.

లోపలి పొర అంటే గుర్తొచ్చింది అక్కా, బూరుగు దూది, ఏకిన మామూలు దూది వద్దే వద్దు. మిషన్లో ఉతికితే ఒక మూలకి పోయి ఉండ కడుతుంది. మన బొంతలు ఉతికినా చెక్కుచెదరనిది అందుకే, వాటిలో దూదే లేదు, చీర మీద చీర. మీకు పాత నేత చీర ఒకటుంటే రెండు మడతలు వేసి అదే లోపల పెట్టేయండి, దూది ఖర్చు మిగులుతుంది. కొనాలంటే సూదులతో గుచ్చి షీటులా చేసిన కాటన్ బ్యాటింగ్ ఉంటుంది (పేరు చూసి మా అబ్బాయి క్రికెట్ అనుకున్నాడు), అది తీసుకోండి. అతి చవక పాలియెస్టర్ షీటు మాత్రం ఒద్దు, కొన్నాళ్ళకి దాని పీచు గుడ్డలోంచి బయటికి వచ్చి బొంతంతా చిన్న చిన్న ఉండలుగా తయారవుతుంది.

పెడన_అచ్చు:

మేము మూడు తరాలుగా అద్దకం పనిలోనే ఉన్నాం, రంగు సంగతి నేను చెబుతాను.

కలంకారీ అని మార్కెట్లో అమ్మేదాంట్లో చాలా భాగం స్క్రీన్ ప్రింటు. తప్పేం లేదు, చవక, బాగానే ఉంటుంది, కానీ కలంకారీ ధరకి అది కొనకండి. చెక్క అచ్చుతో అద్దిందయితే అచ్చు అచ్చుకీ మధ్య కలిసే చోట వెంట్రుకవాసి తేడా కనబడుతుంది, ఒక పువ్వులో ఉన్న రంగు చిక్కదనం పక్క పువ్వులో ఉండదు. మరీ ఒకేలా ఉంటే అనుమానించండి. కొత్త గుడ్డ వాసన చూడండి, కరక్కాయ నీళ్ళలో ముంచిన గుడ్డకి ఒక వగరు వాసన ఉంటుంది. ఎరుపుకి పటిక, నలుపుకి ఇనుప ముక్కలు బెల్లం నీళ్ళలో ఊరబెట్టిన కసిం. అలా చేసిన రంగు మొదటి రెండు ఉతుకుల్లో కాస్త గోధుమరంగు నీళ్ళు వదిలి ఆగిపోతుంది, అది కరక్కాయ, పక్క గుడ్డకి పెద్దగా అంటదు. బ్లీచ్ ఉన్న సబ్బుపొడి మాత్రం వాడకూడదు. ఇంకో నిజం కూడా చెప్పాలి, ఇనుము ఉన్న నల్ల గీతల దగ్గరే కాలక్రమేణా గుడ్డ ముందు చీకుతుంది, వందల ఏళ్ళ నాటి పాత అద్దకాల్లో కూడా నలుపు రాలిపోయి ఎరుపు మిగిలి ఉంటుంది. వారానికి మూడుసార్లు ఉతికే బిడ్డ బొంతకి నలుపు ఎక్కువ ఉన్న ప్రింటు నేను ఇవ్వను, మా గుడ్డే అయినా సరే.

ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు ఆగుతుందని ఎవరో ఒకరు వచ్చి చెబుతారు, ముందే అంటున్నాను, ఆగదు. ఉప్పు, సోడా రంగు వేసేటప్పుడు పని చేస్తాయి. వేసిన తర్వాత అంటకుండా మిగిలిన రంగు నీళ్ళతో పోవాలి, పోయేదాకా ఉతకడం తప్ప వేరే మందు లేదు. నాలుగో నీళ్ళకి కూడా రంగు దిగుతుంటే ఆ గుడ్డని పక్కన పెట్టేయండి.

మీరు అడిగిన చవకా ఖరీదా అన్నదానికి మా వాళ్ళు చెప్పే పాత కథ ఒకటి. మచిలీపట్నం నుంచి, ఈ కోరమాండల్ తీరం నుంచి పూల అద్దకాలు ఓడల్లో యూరప్ వెళ్ళేవి. అక్కడి ఆడవాళ్ళకి వాటి మీద ఎంత పిచ్చి అంటే తమ నేతగాళ్ళు దెబ్బతింటున్నారని 1686లో ఫ్రాన్సు, తర్వాత ఇంగ్లండు వాటిని నిషేధించాయి. అంత ఖరీదైన గుడ్డ తానులుగా కొని బొంత కుట్టలేక, ఉన్న ముక్కలోంచి పువ్వు, పిట్ట, కొమ్మ కత్తిరించి మామూలు తెల్లగుడ్డ మీద అతికి కుట్టుకునేవాళ్ళు. దూరం నుంచి చూస్తే మొత్తం ఖరీదైనదే అనిపిస్తుంది. మీరూ అలాగే చేయొచ్చు కదా. మీకు బాగా నచ్చింది 30 సెంటీమీటర్లు, ఒకటే, ఎంత ఖరీదైనా కొనండి. మిగతావి సాదా కేంబ్రిక్.

ఉప్పల్_కుట్టుమిషన్:

ఇంత వివరంగా చెబుతారనుకోలేదు, అందరికీ థాంక్స్. ప్లేనో వదినా, తొట్టి సంగతి మా అమ్మాయిని అడిగితే "అవునమ్మా, నీకెలా చెప్పాలా అనుకుంటున్నా" అంది. అంటే ఆరు నెలల నుంచీ దాచి పెట్టుకుంది.

పరీక్ష ఎలా చేయాలో ఎవరైనా వరసగా చెప్పండి. ముక్కలు తెచ్చుకున్నాను: 110 కేంబ్రిక్ మూడు రంగులు, కలంకారీ అని మంగళగిరి నుంచి మా చెల్లెలు పంపిన గుడ్డ ఒకటి, ఇంపోర్టెడ్ ఒకటి (30 సెంటీమీటర్లు, 255 రూపాయలు, మా ఆయనకి చెప్పలేదు).

తెనాలి_టైలరమ్మ:

ముందు గోటితో గీకండి, తెల్లటి పొడి రాలితే గంజి దట్టంగా పెట్టారన్నమాట, ఉతికాక ఆ మందం ఉండదు, షాపులో చేతికి బాగా అనిపించేది చాలాసార్లు ఆ గంజే. తర్వాత రెండు పోగులు లాగి స్టీలు ప్లేటులో కాల్చండి. కాగితం వాసనతో కాలి బూడిదైతే కాటన్, కరిగి గట్టి పూస కడితే పాలియెస్టర్. తర్వాత పెన్సిలుతో 10 అంగుళాల చదరం గీసి, వేడి నీళ్ళలో అరగంట ఉంచి, ఎండలో ఆరాక కొలవండి, తొమ్మిదిన్నర వచ్చిందంటే నూటికి అయిదు ముడుచుకున్నట్టు. నానబెట్టేటప్పుడు ఒక్కోదాన్ని వేరే తెల్ల గిన్నెలో వేయండి, నీళ్ళు చూస్తే తెలిసిపోతుంది. చివరికి తడిగుడ్డ మీద తెల్ల జేబురుమాలు పెట్టి వేడి ఇస్త్రీ నొక్కండి, నీళ్ళలో దిగని రంగు కొన్నిసార్లు ఇస్త్రీకి దిగుతుంది.

దారం మాత్రం చవకది కొనకండి అక్కా. గుడ్డలో 300 మిగుల్చుకుని 20 రూపాయల దారంతో కుట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఉప్పల్_కుట్టుమిషన్:

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. చేశాను.

ఇంపోర్టెడ్ 10 అంగుళాలది 9.75కి వచ్చింది. రెండు కేంబ్రిక్‌లు కూడా సరిగ్గా అంతే, నేను రెండుసార్లు కొలిచాను. మూడో కేంబ్రిక్, ఆకుపచ్చది, 9.4. అదే షాపు, అదే ధర, వేరే తాను. గోటితో గీకితే పొడి రాలింది కూడా దానికే. దాన్ని తీసేశాను. చెల్లెలు పంపిన "కలంకారీ" పోగు కాల్చితే పూస కట్టింది, దానికి ఇంకా చెప్పలేదు.

రంగు విషయంలో నేను అనుకున్నదానికి తిరగబడింది. కేంబ్రిక్ పసుపు, లేత నీలం నీళ్ళు తేటగా ఉన్నాయి. ఇంపోర్టెడ్‌లో ఎర్ర పూలున్నాయి, నీళ్ళు తేటగానే ఉన్నాయి కానీ ఇస్త్రీ పెడితే జేబురుమాలు మీద చాలా లేతగా గులాబీ మచ్చ పడింది. మూడుసార్లు ఉతికాక ఇప్పుడు పడటం లేదు. మీరు ఇస్త్రీ సంగతి చెప్పకపోతే నేను చూసుకునేదాన్నే కాదు.

వెనక గుడ్డకి ఆప్కోలో మంగళగిరి నేత తీసుకున్నాను, మీటరు 320, రిబేటు పోను ఇంకా తగ్గింది. లేత గోధుమ రంగు సాదా. లోపల మా అమ్మ పాత వెంకటగిరి చీర, రెండు మడతలు. లాగి చూశాను, రెండు చోట్ల చిటుకుమంది కాబట్టి లోపలికే. మల్లన్న గారికి సంతోషమే కదా?

కరీంనగర్_మల్లన్న:

మస్తు సంతోషం. జరీ అంచు కోసేశారా? లోపలైనా గుచ్చుకుంటుంది.

ఉప్పల్_కుట్టుమిషన్:

కోసి దాచాను. వెంకటగిరి జరీ పారేస్తే మా అమ్మ కలలోకి వస్తుంది.

ఒక్క డౌట్, ఆకుపచ్చ, "కలంకారీ" రెండూ తీసేశాక, మిగతా కేంబ్రిక్ కాస్త ఎక్కువ వాడినా నాకు ఇంకా 16 చదరాలు తక్కువ పడ్డాయి. మళ్ళీ అదే షాపుకి వెళ్ళాలా, లేక వెనక గుడ్డలో మిగిలిన మంగళగిరి ముక్కలు వాడొచ్చా? నేత కేంబ్రిక్ కన్నా కొంచెం మందంగా ఉంది.

తెనాలి_టైలరమ్మ:

చెక్కర్ బోర్డులా మధ్యమధ్య పెట్టకండి. మంగళగిరి ముక్కలన్నీ పై వరస ఒకటి, కింది వరస ఒకటి పెట్టండి, వరసకి 8 చొప్పున సరిగ్గా 16. మందం అంతా అంచులకే పోతుంది, పక్కనున్న పల్చటి ముక్కని ఒకవైపే లాగుతుంది. అతుకుల్ని మంగళగిరి వైపు మడిచి ఇస్త్రీ చేయండి.